ఆ సున్నా వెనక ఉన్నవాళ్ళు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సూపర్‌మార్కెట్‌లో స్టాక్ చూసే పని నాది. ఈ రోజు కొత్తగా చేరిన తమ్ముడికి సేల్స్ రిపోర్టు చూపిస్తుంటే 2024 సెప్టెంబర్ గుర్తొచ్చింది.

బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన రోజులు. మా దగ్గర కొవ్వొత్తులు, పాలపొడి, నీళ్ళ బాటిళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి. తర్వాత రెండు రోజులు వాటి అమ్మకం సున్నా. ఆ సున్నా చూసి సిస్టమ్ తర్వాతి ఆర్డర్ తగ్గించమంది! సరుకు లేకే అమ్మకం ఆగిందని దానికెలా తెలుస్తుంది? చంటిబిడ్డనెత్తుకుని పాలపొడి కోసం వచ్చి, ఉత్త చేతులతో వెళ్ళిన ఒక అమ్మను నేను చూశాను. ఆవిడ ఏ బిల్లులోనూ లేదు. ఆ రాత్రి టెన్షన్ పడుతూనే ఆర్డర్ మొత్తం నేనే మార్చి పంపాను.

అయినా బిల్లుల లెక్కంటే నాకు చాలా గౌరవం. 1991లో అమెరికాలోని పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ వాల్‌మార్ట్ 'రిటైల్ లింక్' పెట్టి తన అమ్మకాల వివరాలు సప్లయర్లకే చూపించడం మొదలుపెట్టింది. 2004లో ఫ్రాన్సెస్ తుఫాను ఫ్లోరిడా వైపు వస్తుంటే, అంతకు కొన్ని వారాల ముందు వచ్చిన చార్లీ తుఫాను నాటి అమ్మకాలు చూసి, స్ట్రాబెర్రీ పాప్-టార్ట్స్ (లోపల జామ్ పెట్టిన, బిస్కెట్ లాంటి తినుబండారం) లారీల్లో ముందే దింపింది. తుఫానుకి జనం అవి కొంటారని ఎవరైనా ఊహిస్తారా? లెక్కే చెప్పింది.

కానీ సరుకు దొరక్క వెళ్ళినవాళ్ళు ఆ లెక్కలో ఉండరు. అందుకే ఇప్పుడు ఏ షెల్ఫ్ ఎన్నింటికి ఖాళీ అయిందో, సరుకు అయిపోయాక ఎంతమంది అడిగారో నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఈ రోజు పేజీ తమ్ముడే రాశాడు.