దారంతో కొలిచి పెట్టిన మైకులు

ఆదివారం, విజయనగరం

సిరిమాను పండగ అయిపోయింది, ఊరు కాస్త సద్దుమణిగింది. ఇంట్లో డ్రమ్స్ రికార్డు చేసుకోవాలంటే ఇలాంటి ఆదివారం పొద్దుటి పూటే కావాలి. తొమ్మిది దాటితే కూరల బండి లౌడుస్పీకరు సందులోకి వచ్చేస్తుంది. ఆ కేక కండెన్సర్ మైకులో (సన్న చప్పుడు కూడా పట్టే మైకు) పడిందంటే తర్వాత దాన్ని విడదీయడం ఎవరి వల్లా కాదు.

మైకుల కన్నా ముందు గది సంగతి చూడాలి. మన వైపు ఇళ్ళలో పడగ్గది పదికి పది, శ్లాబు ఎత్తు కూడా ఇంచుమించు పదే. డ్రమ్స్‌కి ఇంతకంటే చెడ్డ కొలత లేదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే అయితే మూడు దిక్కులా ఒకే శ్రుతి మోగుతూ నిలబడిపోతుంది. 10 అడుగులంటే 3.05 మీటర్లు. ఈ ఉక్కలో, అంటే 30 డిగ్రీల దగ్గర, శబ్దం సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. దాన్ని అటూ ఇటూ పోయొచ్చే దూరం 6.1 మీటర్లతో భాగిస్తే 57 హెర్ట్జ్ వస్తుంది. కిక్ డ్రమ్ (కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్ము) బరువంతా ఉండేది కూడా ఆ చుట్టుపక్కలే. అందుకే ఆ గదిలో కిక్ కొడితే మోత ఆగకుండా సాగుతుంది. ఎంత ఖరీదు మైకు పెట్టినా అది పోదు. డ్రమ్స్ సెట్టుని గోడకి ఆనిస్తే మోత ఇంకా పెరుగుతుంది. సరిగ్గా గది నడిమధ్య పెడితే అదే 57 దగ్గర కిక్ పలచబడిపోతుంది. గోడ నుంచి మూడున్నర నాలుగు అడుగుల దగ్గర రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. పొడుగు హాలు ఉన్న ఇల్లయితే ఇవేవీ ఆలోచించక్కర్లేదు, సెట్టు హాల్లో వేసి లోపలి గదుల తలుపులు తెరిచి ఉంచడమే.

గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించడం ఇంకా చాలామంది చేస్తున్నారు. దానివల్ల శబ్దం బయటికి పోకుండా ఆగదు, కిక్ మోత తగ్గదు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. ఆ అట్టల మీద పెట్టే శ్రమ దూది పరుపుల మీద పెట్టాలి. రెండు పరుపులు సెట్టు వెనక మూలల్లో నిలబెట్టి, ఒక లావుపాటి బొంతని నాలుగు మూలలా తాడు కట్టి సెట్టు పైన శ్లాబుకి అరడుగు కిందికి వేలాడదీస్తే పై నుంచి తిరిగొచ్చే గరగర బాగా తగ్గుతుంది. కింద జంపఖానా ఎలాగూ ఉండాలి, లేకపోతే కొట్టిన కొద్దీ కిక్ ముందుకి జారుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నదాని గురించి నా మాట ఒక్కటే. ముందు స్నేర్ (మోకాళ్ళ మధ్య ఉండే చిన్న డ్రమ్ము) పై తోలు మార్చు, తర్వాత మైకు కొను. అరిగిపోయి మధ్యలో గుంట పడిన తోలుని ఏ మైకూ బాగుచెయ్యలేదు. కొత్త తోలు వేశాక ప్రతి బోల్టు ఎదురుగా అంచు నుంచి అంగుళం లోపల వేలితో తట్టి, అన్నిచోట్లా ఒకే శ్రుతి వచ్చేదాకా కీ తిప్పాలి. గంట పట్టినా ఫరవాలేదు, మిక్సింగులో అంతకు మించిన సమయం మిగులుతుంది.

ఆ తర్వాత చూసుకోవాల్సింది ఇంటర్‌ఫేస్‌కి (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మైకు ఇన్‌పుట్లు ఎన్ని ఉన్నాయో. రెండే ఉంటే రెండూ ఓవర్‌హెడ్లకే (సెట్టు పైన పెట్టే మైకులకే) ఇచ్చెయ్యాలి. ఇంట్లో పనికి నాలుగు చాలు, రెండు ఓవర్‌హెడ్లు, ఒక కిక్, ఒక స్నేర్. బెరింగర్ యూఎంసీ 404 హెచ్‌డీ లాంటి వాటిలో నాలుగు మైకు ప్రీఆంపులు (మైకు శబ్దాన్ని పెంచేవి), కండెన్సర్లకి కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉంటాయి. టామ్‌లకీ (మిగతా డ్రమ్ములు) హైహ్యాట్‌కీ (కాలితో మూసి తెరిచే కంచు పళ్ళాల జత) విడిగా మైకులు కావాలని ఎనిమిది ఇన్‌పుట్ల పెట్టె కొనేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. చిన్న గదిలో ప్రతి మైకూ పక్క డ్రమ్మునీ వింటుంది, మైకులు పెరిగిన కొద్దీ వాటి మధ్య తగువూ పెరుగుతుంది. ఇక హైహ్యాట్‌కి మైకు అసలు అక్కర్లేదు, అది అన్నిట్లోనూ వినబడుతూనే ఉంటుంది.

ఓవర్‌హెడ్లకి సన్న కండెన్సర్లు జతగా అమ్మేవి తీసుకోవాలి. బెరింగర్ సి-2 చవకలో వస్తుంది, రోడ్ ఎం5 ఇంకాస్త పై ధర. చవక కండెన్సర్లలో చాలావాటికి పై స్థాయి కొంచెం ఎత్తుగా ఉంటుంది, సింబల్ (కంచు పళ్ళెం) వైపు గురిపెడితే చెవిలో గుచ్చుకుంటుంది. అందుకని గురి ఎప్పుడూ స్నేర్ మీదే ఉండాలి. స్నేర్‌కి ష్యూర్ ఎస్‌ఎం57. 1965 నుంచి అమ్ముతున్నారు, కర్ర తగిలినా తట్టుకుంటుంది. పాటకి వాడే ఎస్‌ఎం58 ఇంట్లో ఉంటే దాని గుండ్రటి జాలీ విప్పితే చాలు, 57కి చాలా దగ్గరగా పలుకుతుంది. అదీ లేకపోతే బెరింగర్ ఎక్స్‌ఎం8500 కూడా పనికొస్తుంది. ఈ 57, 58లకి నకిలీలు బాగా తిరుగుతున్నాయి. ధర మరీ తక్కువగా ఉండి, చేతిలో తేలిగ్గా అనిపిస్తే వద్దు. కిక్‌కి ఏకేజీ డీ112, ష్యూర్ బీటా 52ఏ పేరున్నవి. ఖర్చు తగ్గాలంటే ష్యూర్ పీజీఏ52, ఏకేజీ పీ2 ఉన్నాయి.

ఇవాళ ఎక్కువ సేపు పట్టింది ఓవర్‌హెడ్లకే. శ్లాబు పదడుగులే కాబట్టి మైకుల్ని పైకి ఎత్తి పెట్టకూడదు. ఏడడుగుల ఎత్తులో పెడితే, పైకి పోయి శ్లాబుకి కొట్టుకుని వచ్చే శబ్దం నేరుగా వచ్చేదాని వెనకాలే 5 మిల్లీసెకన్లలో దిగుతుంది. సింబల్ గొట్టంలోంచి మోగినట్టు ఉంటుంది. కిందికి దించితే నేరుగా వచ్చే శబ్దం బలపడి ఆ తిరుగు శబ్దం వెనకబడుతుంది. అందుకే ఇలాంటి ఇళ్ళకి రికార్డర్‌మ్యాన్ పద్ధతి సరిపోతుంది. డ్రమ్ము కర్ర మామూలుగా 16 అంగుళాలు. స్నేర్ నడిమధ్య నుంచి నిట్టనిలువుగా రెండు కర్రల ఎత్తు, అంటే 32 అంగుళాల దగ్గర మొదటి మైకు, మూతి కిందికి. రెండోది వాయించేవాడి కుడి భుజం పైన, కొంచెం వెనగ్గా, అది కూడా స్నేర్ వైపే చూస్తూ.

ఆ రెండోది ఎక్కడ ఆగాలో చెప్పేది దారం. పూలదారం వద్దు, సాగుతుంది. గోనెసంచి కుట్టే పురికొస మంచిది. ఒక కొస స్నేర్ మధ్యలో టేపుతో అంటించాలి, రెండో కొస కిక్ మీద పెడల్ సుత్తి తగిలే చోట. మధ్యలో దారాన్ని మొదటి మైకు మూతి దాకా లాగి, రెండు పాయలూ బిగుసుకున్న చోట వేళ్ళతో గట్టిగా పట్టుకోవాలి. ఆ పట్టు వదలకుండా చేతిని వాయించేవాడి తల మీదుగా కుడి భుజం పైకి తీసుకెళ్ళాలి. మళ్ళీ రెండు పాయలూ ఒకేసారి బిగుసుకునే చోటు ఒకటి వస్తుంది. రెండో మైకు మూతి అక్కడే ఉండాలి.

"ఏటన్నా, దారం ఎందుకు?" అన్నాడు స్టూలు మీద కూచున్న కుర్రాడు.

"స్నేర్ దెబ్బ రెండు మైకులకీ ఒకేసారి చేరాలి తమ్ముడూ. కిక్కూ అంతే."

అసలు కిటుకంతా అందులోనే ఉంది. 35 సెంటీమీటర్ల తేడా వస్తే శబ్దం ఒక మిల్లీసెకను ఆలస్యం అవుతుంది. రెండు మైకుల్నీ కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఆపైన 1500 దగ్గర, 2500 దగ్గర కూడా. 17 సెంటీమీటర్ల తేడా అయితే దెబ్బ 1000 దగ్గర పడుతుంది. స్నేర్‌లో కండ పోయి రేకు డబ్బా మిగిలినట్టు ఉండేది ఇందుకే. సరిచూసుకోవడం తేలికే. రెండు ఓవర్‌హెడ్లనీ మోనోలో, అంటే ఒకటిగా కలిపి, వినాలి. స్నేర్ సన్నబడితే దూరాలు కలవలేదన్నమాట. కంప్యూటర్ తెర మీద ఒక్క దెబ్బని పెద్దది చేసి చూస్తే రెండు గీతలూ ఒకే చోట పైకి లేవాలి. ఒకటి వెనకబడితే స్టాండు అంగుళం జరిపి మళ్ళీ దారం పట్టాలి.

ఇవి కుదిరితే సెట్టు మొత్తం వినబడుతుంది, టామ్‌లతో సహా. కిక్, స్నేర్ మైకులు బలం కోసమే. కిక్ ముందు తోలుకి రంధ్రం ఉంటే మైకు మూతి సగం లోపలికి, రంధ్రం నడిమధ్య కాకుండా అంచు పక్కగా పెట్టాలి. నడిమధ్య పెడితే ప్రతి దెబ్బకీ గాలి తోసుకొచ్చి మైకులో 'ఫుఫ్' అని పడుతుంది. లోపలికి పోయిన కొద్దీ సుత్తి చప్పుడు, బయటికి వచ్చిన కొద్దీ బరువు. రంధ్రం లేని తోలయితే కొయ్యక్కర్లేదు, నాలుగంగుళాల దూరంలో మధ్య నుంచి పక్కకి పెట్టినా చాలు. లోపల ఒక పాత దుప్పటి రెండు తోళ్ళకీ కొద్దిగా తగిలేలా మడిచి వేయాలి, నింపేయకూడదు.

స్నేర్ మైకు అంచు పైన రెండు వేళ్ళ ఎత్తున, అంగుళం లోపలికి, మధ్య వైపు 30, 45 డిగ్రీల మధ్య వాలుగా ఉండాలి. దాని వీపు హైహ్యాట్ వైపు తిరగాలి. కార్డియాయిడ్ మైకు (ముందు వైపు ఎక్కువగా వినేది) సరిగ్గా వెనక నుంచి వచ్చేది తక్కువగా వింటుంది. సూపర్‌కార్డియాయిడ్ (ఇంకా ఇరుకుగా వినేది) అయితే చెవుడు సరిగ్గా వెనక కాదు, ముందు నుంచి 126 డిగ్రీల దగ్గర ఉంటుంది, కాబట్టి కొంచెం పక్కకి తిప్పాలి. తర్వాత ఓవర్‌హెడ్లతో పాటు స్నేర్ మైకు తెరిచి పొలారిటీ బటన్ (శబ్దపు అలని తలకిందులు చేసేది) అటూ ఇటూ నొక్కి చూడాలి, ఏ వైపు కింది స్థాయి నిండుగా వినిపిస్తే ఆ వైపు ఉంచాలి. కిక్‌కీ అంతే. దీనికి కళ్ళు కాదు, చెవులే కావాలి.

రికార్డింగ్ 24 బిట్లలో పెట్టి, లెవెల్‌లో గట్టి దెబ్బలు −10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోవాలి. సరిచూసేటప్పుడు ఎవరైనా మెల్లగా వాయిస్తారు, పాట ఊపందుకున్నాక ఆరు డెసిబెల్స్ పెంచేస్తారు. ఎర్ర లైటు వెలిగిన దెబ్బని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. కండెన్సర్ మైకుకి ప్యాడ్ స్విచ్ (మైకు స్థాయి తగ్గించేది) ఉంటే ముందే వేసేయాలి. కేబుళ్ళన్నీ గుచ్చాకే ఫాంటమ్ వేయాలి, ఆపాక నిమిషం ఆగి పీకాలి.

టేక్ నడుస్తున్నంత సేపూ ఫ్యాను ఆపేయాల్సిందే. రెక్కల గాలి కండెన్సర్‌కి తగిలితే గుడగుడమంటుంది, శబ్దం రెక్కల మధ్య తెగి తెగి వస్తుంది. నాలుగు నిమిషాలు వాయించడం, ఫ్యాను వేసి చెమట తుడుచుకోవడం, మళ్ళీ ఆపడం. మధ్యాహ్నం కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే హెడ్‌ఫోన్లో జుయ్యిమని గోల. చవక ఇన్వర్టర్ల కరెంటు నున్నగా ఉండదు. ఛార్జరు పీకేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపితే ఆ గోల పోయింది. పాత ఇళ్ళలో మూడో పిన్నుకి ఎర్త్ సరిగా ఉండదు, కరెంటు ఉన్నప్పుడు కూడా 50 హెర్ట్జ్ హమ్ వస్తే మొదట చూడాల్సింది అదే.

సముద్రం గాలి మనకి దగ్గర. తేమ చేరితే కండెన్సర్ చిటపటమంటుంది. సాయంత్రం మైకులు తుడిచి, సిలికా జెల్ సంచులతో మూత బిగుతు డబ్బాలో పెట్టేశాం. ఏసీ గదిలోంచి తెచ్చిన మైకుని వెంటనే వాడకూడదు, లోపల చెమ్మ పడుతుంది.

సెట్టు కాళ్ళ చోట, స్టాండు కాళ్ళ చోట జంపఖానా మీద టేపు ముక్కలు అంటించి ఉంచాం. ఈ ఆదివారం కొలతలు: ఓవర్‌హెడ్లు రెండూ స్నేర్‌కి 32 అంగుళాలు, కిక్ మైకు తోలు లోపలికి రెండంగుళాలు, స్నేర్ మైకు అంచు పైన అంగుళంన్నర.

వచ్చే వారం డప్పు. దానికి ఇంత సరంజామా అక్కర్లేదు. ముందు వైపు మీటరు దూరంలో ఒక కండెన్సర్, చిర్ర దెబ్బా సిటికెన పుల్ల దెబ్బా (డప్పు వాయించే రెండు పుల్లలవి) రెండూ సమంగా పడేలా. వెనక వైపు అడుగు దూరంలో ఎస్‌ఎం57, పొలారిటీ తిప్పి. తోలు చల్లబడితే శ్రుతి దిగిపోతుంది కాబట్టి పెరట్లో మంట సిద్ధంగా ఉంచాలి, ప్రతి టేక్‌కీ ముందు కాచుకోవాలి. తప్పెటగుళ్ళ వాళ్ళు వస్తామంటే మాత్రం ఈ గది చాలదు. ఛాతీ మీద తప్పెట కట్టుకుని గెంతుతూ వాయిస్తారు, ఒక్కొక్కరికి మైకు పెట్టడం కుదరని పని. వాళ్ళకి డాబా మీద, గాలి లేని పూట, మధ్యలో రెండు ఓవర్‌హెడ్లు ఆరడుగుల ఎత్తున, నురుగు తొడుగులు వేసి.