పెన్సిల్‌తో రాసిన ‘వ’

మన టెన్త్ బ్యాచ్ మళ్లీ కలిసే రోజు కోసం వేస్తున్న సంచిక కమిటీ నాకు అప్పజెప్పింది చిన్న పనే. బడికి పోయి పాత ఫొటోలు ఏమైనా ఉన్నాయేమో చూసి రమ్మన్నారు. ఫొటోలు దొరకలేదు. పదో తరగతి గ్రూప్ ఫొటో తప్ప మన కాలంలో కెమెరా ఎక్కడిది? కానీ ఇప్పుడు సామాన్లు పడేసే గదిగా మారిన మన పాత ఆరో తరగతిలో, విరిగిన బెంచీల వెనక ఒక ఇనుప బీరువా ఉంది. దాని నిండా హాజరు పట్టీలు. సగం చెదలు తినేశాయి. 1987-88 ఆరో తరగతిది మాత్రం అట్ట ఊడిపోయినా లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. హెడ్మాస్టరు గారు కుర్చీ తెప్పిస్తానన్నా వినకుండా అక్కడే నేల మీద కూర్చున్నాను.

మొత్తం 54 పేర్లు. మగపిల్లలు 39, ఆడపిల్లలు 15. నా నంబరు 31.

జూన్ నుంచి దసరా సెలవుల దాకా దాదాపు అన్నీ హాజరు గీతలే. దీపావళి దాటాక ఎర్ర సిరా మొదలవుతుంది. జనవరి పేజీ చూస్తే ఒంటికి తట్టు పోసినట్టు ఉంది. వేలు పెట్టి లెక్కపెట్టాను. నెల మొత్తంలో ఒక్క రోజు కూడా బడికి రానివాళ్లు 26 మంది. ఆ వరుసల్లో 31 కూడా ఉంది.

మన పిల్లలకు చెబితే 26 మందికి ఏం జబ్బు చేసిందని అడుగుతారేమో. 1987 కరువు దేశమంతా గుర్తుపెట్టుకున్న కరువు. మన దగ్గర జొన్న, ఆముదం, కంది తప్ప వేరే పంట లేదు, అవి కూడా వాన మీదే. ఆ ఏడు జొన్న మోకాలెత్తున ఎండిపోయింది. మిగిలిన ఆముదాన్ని దాసరి పురుగు ఈనెలతో సహా తినేసింది. దసరాకు ముందే, కూలీలను కుదుర్చుకుపోయే గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చాడు. మొగుడూ పెళ్లాం కలిపి ఒక జత. జతకు ఇంత అని అడ్వాన్సు చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. ఆ అడ్వాన్సుతో పాత బాకీ తీరేది, పెళ్లిళ్లు జరిగేవి. దీపావళి తెల్లారి లారీ వచ్చేది. ఎక్కడికి పోతున్నారంటే చాలామందికి ఊరి పేరు కూడా తెలియదు. కాలువ పనికట, డ్యాం పనికట, అంతే. ఇంట్లో ముసలివాళ్లుంటే పిల్లల్ని వదిలేవాళ్లు, లేకపోతే వెంట తీసుకుపోయేవాళ్లు. మన భాషలో దీన్ని వలస అనేవాళ్లం కాదు, ‘బతకపోయిండ్రు’ అనేవాళ్లం. వలస అనే మాట పేపర్లలో చదివాకే తెలిసింది.

కొల్లాపూర్ దాటితే కృష్ణ. శ్రీశైలం డ్యాం నీళ్లు ఎనభైల మొదట్లో మన వైపు ఊళ్లను ముంచినప్పుడు, ఇల్లూ పొలం పోయి ఇటు వచ్చిన కుటుంబాల పిల్లలు ముగ్గురు మన క్లాసులో ఉండేవారు. నీళ్లు ఎక్కువై వచ్చినవాళ్లూ, నీళ్లు లేక పోయేవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఇందులో ఏదైనా వింత ఉందని అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఆ జనవరి పేజీలో ఇంకోటి ఉంది. ఎర్ర సిరా ఉన్న ప్రతి పేరు పక్కన, అంచులో, బాగా వెలుతురుకు పెడితే తప్ప కనపడనంత సన్నగా ‘వ’ అనే అక్షరం. పెన్సిల్‌తో రాసి, రబ్బరుతో తుడిచి, మళ్లీ రాసిన గుర్తు. ఇది మన క్లాస్ టీచర్ పని. చాలా రోజులు రాని పిల్లల పేరు కొట్టేయాలి, తర్వాత వస్తే మళ్లీ అడ్మిషన్ రాయాలి, అప్పటి పద్ధతి అది. సారు కొట్టేసేవారు కాదు. ‘వ’ అంటే వలస. పోయినవాళ్లు ఎప్పటికైనా వస్తారని ఆయన తనకు తాను రాసుకున్న గుర్తు. తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే తుడిచేసేవారు, వాళ్లు పోయాక మళ్లీ రాసేవారు. కాగితం అక్కడ గరుకుగా, పలచగా అయిపోయింది.

నేను ఏప్రిల్‌లో తిరిగొచ్చాను. కర్ణాటకలో ఒక కాలువ పని. టార్పాలిన్ గుడిసెలు, వారానికి ఒకసారి ఖర్చుల కింద నూకలు, పప్పు, ఉల్లిగడ్డ. అమ్మ తట్టలు మోసేది, నాయిన గడ్డపారతో తవ్వేవాడు, నేను తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టు మీద ఉండేవాణ్ణి. తవ్విన చోట ఎంత లోతు తీశారో తెలియడానికి గుంత మధ్యలో మట్టి దిబ్బ ఒకటి ముట్టుకోకుండా వదిలేస్తారు. దాన్ని బట్టే కొలత, కొలతను బట్టే లెక్క. చదువు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మేస్త్రీ టేపు ఒక కొస నాకు పట్టించి, అంకెలు నా చేతే రాయించేవాడు. పొడవు, వెడల్పు, లోతు గుణించడం నేను ఆరో తరగతి పుస్తకంలో నేర్చుకోలేదు. ఒకసారి నేను రాసిన అంకె కంటే మేస్త్రీ చదివిన అంకె తక్కువగా ఉంది. నాయినకు చెప్పాను. నాయిన నా నోరు మూశాడు. అడ్వాన్సు ఇంకా తీరలేదు కదా. ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

తిరిగొచ్చిన మొదటి రోజు బడి గేటు దగ్గర నిలబడిపోయాను, పేరు కొట్టేసి ఉంటారని టెన్షన్. సారు హాజరు పిలుస్తూ పిలుస్తూ 30 తర్వాత ఆగి, తలెత్తి, “31, లోపలికి రా” అన్నారు. అంతే. ఎక్కడికి పోయావని అడగలేదు.

ఆ తర్వాత ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష వచ్చింది. దాని దగ్గర చాలామంది రాలిపోయారు. 1992 మార్చిలో టెన్త్ రాసిన మన బ్యాచ్ జాబితాలో 33 పేర్లున్నాయి. అందులో ఆరుగురు మధ్యలో వేరే ఊళ్ల నుంచి వచ్చి చేరినవాళ్లు. అంటే ఆ 54 మందిలో పదో తరగతి దాకా వచ్చింది 27 మంది, సరిగ్గా సగం. ఆడపిల్లలు 15 మందిలో నలుగురు. మన వాట్సాప్ గ్రూపు ఆ 33 పేర్లతో మొదలైంది. ఈ సంచికలో చివర వేసే బ్యాచ్ జాబితా కూడా అదే. మిగతా 27 మంది పేర్లు అందులో లేవని కమిటీ మీటింగులో నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను, బాధపడ్డవాళ్లు ఉంటే క్షమించండి. కానీ మాట వెనక్కి తీసుకోను.

బీరువాలో తర్వాతి ఏళ్ల పట్టీలు కూడా తిరగేశాను. తొంభైల్లో బోర్లు వేసినవాళ్ల పిల్లల వరుసల్లో ఎరుపు కొంచెం తగ్గింది, ఆ బోర్లు ఎండగానే మళ్లీ పెరిగింది. 2003లో చిన్న తరగతులకు మధ్యాహ్న భోజనం వచ్చింది, తర్వాత పెద్ద తరగతులకూ వచ్చింది, 2006లో ఉపాధి హామీ వచ్చింది. అప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లా మొదటి విడతలోనే ఉంది కాబట్టి ఊరి చెరువులో పూడిక తీసినా కూలి దొరికింది. తల్లిదండ్రులు పోయినా పిల్లలు ఇక్కడే ఉండేలా సీజనల్ హాస్టళ్లు పెట్టారు. పట్టీల్లో జనవరి మెల్లగా మిగతా నెలల్లాగే కనపడడం మొదలైంది. దీనికి ఒక్కటే కారణం చెప్పమంటే నేను చెప్పలేను. సైకిల్ మీద బోర్ మెకానిక్ పని, హైదరాబాద్‌లో వాచ్‌మన్ పని, ఆటో ఫైనాన్సు, ఇవన్నీ కలిసే లారీని ఆపాయి.

కాలువ ఆఖరున వచ్చింది. ఎల్లూరు దగ్గర కృష్ణ నీళ్లు ఎత్తి, జొన్నలబొగుడలో మళ్లీ ఎత్తి, గుడిపల్లిగట్టులో ఇంకోసారి ఎత్తే కల్వకుర్తి ఎత్తిపోతల సంగతి మీ అందరికీ తెలిసిందే. మన ఊరి పిల్లకాలువ తవ్వేటప్పుడు నాయిన్ను బండి మీద ఎక్కించుకుని తీసుకుపోయాను. పొక్లెయిన్ ఒకటి, టిప్పర్లు నాలుగు. మనుషులు ఆరుగురు కూడా లేరు. ఆయన గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. మూడు రాష్ట్రాల్లో కాలువలు తవ్విన మనిషి, సొంత ఊరి కాలువలో ఒక్క తట్ట మట్టి తీసే పని లేకుండా పోయింది. కళ్లలో నీళ్లు వస్తాయేమో అనుకున్నాను. ఆయన వంగి మొరం పిడికెడు తీసి నలిపి, “వాలు సరిగ తియ్యలే. మొదటి పెద్ద వానకే జారుతది” అన్నాడు. జారింది కూడా.

నీళ్లు వచ్చాక ఊరు మారిన తీరు మీరు పండుగకు వచ్చినప్పుడు చూసే ఉంటారు. ఆముదం చేను చూపించమంటే ఇప్పుడు నేను చూపించలేను. చెరువు నిండింది, ఎండిన బావుల్లో ఊట తేలింది, చేపలు పట్టేవాళ్ల కుటుంబాలు మళ్లీ వలలు కొన్నాయి. ఎకరం అరెకరం అనకుండా అంతా వరే. జొన్న పోయింది, జొన్న సొప్ప పోయింది, సొప్ప తినే ఎద్దులు పోయాయి. మా అవ్వకు వరి బువ్వ అంటే పండుగ బువ్వ. ఆమె వండిన జొన్న గటక వద్దని నేను ఏడ్చేవాణ్ణి. నీళ్లు ఉన్నాయి కదా అని మెట్ట చెల్కల్లో కూడా వరి పెట్టడం నాకు నచ్చదు. 2020 అక్టోబర్‌లో ఎల్లూరు పంపుహౌసు మునిగి మోటార్లు ఆగినప్పుడు ఊళ్లో ఒక్కొక్కరి ముఖం చూశాను. అందరూ ఒకే పంట మీద, ఒకే కాలువ మీద కూర్చున్నారు. చెబితే ‘నువ్వు హైదరాబాద్‌ల ఉండి చెప్తవ్’ అంటారు. నిజమే కూడా.

ఇంకో మార్పు ఉంది. నీళ్లు వచ్చేసరికి నాటు వేసే చేతులు ఊళ్లో మిగల్లేదు. మన తరం ఆడవాళ్లకు నడుములు పోయాయి, వాళ్ల పిల్లలు నగరంలో ఉన్నారు. అందుకే నాట్లకు బీహార్ నుంచి మగవాళ్ల గుంపులు దిగుతున్నాయి. ఎకరాకు ఇంత అని గుత్త. ఒక తాడు పట్టుకుని, వరుసలో వంగి, ఒక పూటలో మడి పూర్తిచేస్తారు. వాళ్లకూ ఒక మేస్త్రీ ఉంటాడు, చేతిలో ఫోను. వాళ్లకూ అడ్వాన్సు ఉంటుంది. నేను పనిచేసే బిల్డింగు సైటులో ఒడిశా వాళ్ల పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుకుంటుంటారు. వాళ్ల ఊరి బడిలో వాళ్ల పేర్ల పక్కన ఏం రాసి ఉంటుందో అని ఈ పట్టీ చూసిన తర్వాతే నాకు తట్టింది. ఇన్నేళ్ల సూపర్‌వైజర్ ఉద్యోగంలో ఒక్కసారీ తట్టలేదు.

మన బడిలో ఆరో తరగతికి ఇప్పుడు 14 మంది. పొద్దున పసుపుపచ్చ బస్సులు వచ్చి మిగతా పిల్లల్ని నాగర్‌కర్నూల్‌కు ఎక్కించుకుపోతాయి. ఉన్నవాళ్ల హాజరు ఫోనులో ముఖం చూపించి వేస్తున్నారు. పెన్సిల్ పెట్టే చోటు అందులో లేదు.

ఆ మిగతా 27 మందిని వెతకడం మొదలుపెట్టాను. ఇప్పటికి 11 మంది జాడ తెలిసింది. ఇద్దరు పుణెలో టైల్స్ పని చేస్తున్నారు, అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. నంబరు 9 పనిలో ఉండగానే మట్టిపెళ్ల విరిగి చనిపోయాడట, 1995లో. మనకెవరికీ తెలియదు. నంబరు 46, మనకు ఎక్కాల్లో ఎప్పుడూ ఫస్టు వచ్చే అమ్మాయి, ఏడో తరగతి తర్వాత పెళ్లయి వనపర్తి వైపు పోయింది. ఇప్పుడు మహిళా సంఘం లెక్కలన్నీ ఆమే రాస్తుందట. ఫోన్ చేస్తే నన్ను గుర్తుపట్టలేదు, ఎక్కాల పోటీ గుర్తుపట్టింది.

నంబరు 17 ఊళ్లోనే ఉన్నాడు. మనం పండుగకు పోయినప్పుడల్లా కనపడతాడు, పలకరిస్తాం, పోతాం. ఆరో తరగతి మన పక్కనే చదివాడని మనలో ఎంతమందికి గుర్తుంది? పదిహేనేళ్లు గుంపులో తిరిగి, నీళ్లొచ్చాక వెనక్కి వచ్చి నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాడు. ఊరికి వచ్చే బీహార్ గుంపులను కుదిర్చేదీ, వాళ్లకు ఉండడానికి జాగ చూసేదీ ఆయనే. హిందీ మనందరికంటే బాగా మాట్లాడతాడు. నేను వెళ్లేసరికి మడి గట్టు మీద నారు కట్టలు విసురుతున్నాడు. ఆహ్వాన పత్రిక ఇచ్చాను. తడి చేతులు లుంగీకి తుడుచుకుని, రెండువైపులా తిప్పి చూశాడు.

“నేను టెన్త్ పాస్ కాలే కద అన్నా, నన్నెందుకు పిలుస్తున్నరు?”

ఫోనులో తీసిన జనవరి పేజీ ఫొటో చూపించాను. పెద్దది చేసి, పేరు పక్కన ‘వ’ చూపించాను. చాలాసేపు చూశాడు. “సారు రాసిండా?” అన్నాడు. తర్వాత పత్రికలో తేదీ చూసి నవ్వాడు. సంక్రాంతి సెలవుల్లో అయితే అందరికీ వీలవుతుందని మనం పెట్టుకున్న తేదీ. యాసంగి నాట్లు సరిగ్గా అప్పుడే.

“ఆ రోజు పన్నెండెకరాలు ఒప్పుకున్న. గుంపు ఇరవై మంది దిగుతరు, వాళ్లకు బువ్వ చూడాలె. సింగోటం జాతరకు వస్త గానీ, ఆడ కలుద్దాం తియ్” అన్నాడు.

కమిటీ వాళ్లు బ్యాచ్ జాబితా చివరి ప్రూఫు నాకే పంపారు. 33 పేర్ల కింద మిగతా 27 పేర్లు కూడా, ఆ పట్టీలో ఉన్న వరుసలోనే చేర్చి పంపాను. కార్యక్రమం రోజు హాజరు కూడా వేద్దామని అనుకుంటున్నారు కాబట్టి, 17 పేరు పక్కన నేనే పెన్సిల్‌తో ఒక అక్షరం రాసి ఉంచాను. ఈసారి ‘న’. నాట్లు.