నారింజ రంగు కప్పు

అమెరికా హైవేల మీద దూరంగా నారింజ రంగు పైకప్పు కనిపిస్తే చాలు, వెనక సీట్లో పిల్లలు ఐస్‌క్రీమ్ అంటూ గోల మొదలుపెట్టే రోజులుండేవి. అదే హోవర్డ్ జాన్సన్స్ రెస్టారెంట్ల చైన్! 1925లో మసాచుసెట్స్‌లోని క్విన్సీలో ఐస్‌క్రీమ్ కూడా అమ్మే ఒక మందుల షాపుతో మొదలైంది. ఐస్‌క్రీమ్‌లో వెన్న పాళ్లు పెంచడమే తొలి కిటుకు. తర్వాత 28 రుచులొచ్చాయి.

వాళ్ల హాట్‌డాగ్ బన్ను ఎంత బాగుండేదో! చీలిక పైన ఉంటుంది, పక్కల పెచ్చు ఉండదు. ఆ తెల్లటి పక్కలకు వెన్న పట్టించి పెనం మీద ఎర్రగా కాలుస్తారు. మామూలు బన్నుతో ఇది కుదరదు, దాని పక్కలనుండే పెచ్చు వెన్నను పీల్చుకోదు. బన్నులో పెట్టే సాసేజ్‌కి ముందే గాట్లు పెట్టి, దాన్నీ వెన్నలోనే కాల్చేవాళ్లు.

1960ల్లో జాక్ పెపాన్, పియేర్ ఫ్రానే లాంటి ఫ్రెంచ్ వంటవాళ్లు ఇక్కడ పనిచేశారు. వెన్నకు బదులు వాడే మార్గరిన్ పోయి అసలు వెన్న, ఎండు ఉల్లి పోయి తాజా ఉల్లి వచ్చాయి. సెంట్రల్ కిచెన్‌లో వండి, ఫ్రీజ్ చేసి పంపేవాళ్లు కాబట్టి ఏ ఊళ్లో తిన్నా అదే రుచి.

1973 చమురు సంక్షోభంతో కారు ప్రయాణాలు తగ్గాయి. ఇంకోపక్క ఫాస్ట్‌ఫుడ్ పోటీ. సర్వర్లను పెట్టుకుని నడిపే హోటల్‌కి అది పెద్ద దెబ్బ. అప్పుడు ఖర్చు తగ్గించాలని తిండిలోనే కోత పెట్టారు, అసలు తప్పు అక్కడే జరిగింది. చివరిగా మిగిలిన, న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ రెస్టారెంట్ 2022లో మూతపడింది.