కౌశిక దాటిన రుద్రులు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. పండక్కి వచ్చిన అల్లుణ్ణి కూడా ఆ రోజు గడప దాటనివ్వరు. కోనసీమలో మాత్రం సరిగ్గా ఆ రోజే దేవుళ్ళు ఊళ్ళు దాటి బయల్దేరతారు. అంబాజీపేట చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, వెదురుతో కట్టి జనం భుజాల మీద మోసే ప్రభలెక్కి మొసలపల్లి శివారులోని జగ్గన్నతోటకు చేరతారు. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఉన్నదల్లా కొబ్బరితోట. ఏకాదశ రుద్రులు ఏడాదికోసారి ఆ చెట్ల కింద కూడి లోకం బాగోగులు మాట్లాడుకుంటారని ఆ ఊళ్ళవాళ్ళ నమ్మకం.

2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. తీర్థం అంటే మా వైపు మాటలో జాతర. టీవీలో చూసిన దగ్గర్నుంచి ఒక్కసారి వెళ్ళి రావాలనుకుంటూనే ఉన్నాను. మాది వరంగల్ వైపు. మా సంక్రాంతి సకినాలతోనూ పతంగులతోనూ సరిపోతుంది, కనుమను పెద్దగా పట్టించుకోం. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడిది గంగలకుర్రు దగ్గర పల్లె. “ఈసారి కనుమ శుక్రవారం పడింది, శని ఆదివారాలు కలిసొస్తాయి, వచ్చెయ్యి అన్నా” అన్నాడు. ఇంకేం, బ్యాగు సర్దాను.

ప్రయాణం గురించి చెప్పుకోవడానికేమీ లేదు. రైల్లో నిలబడి రాజమండ్రి, అక్కణ్ణుంచి మామూలు రోజులకు మూడింతలు ఛార్జీ గుంజిన ఓ ప్రైవేటు వ్యాన్లో రావులపాలెం, కొత్తపేట మీదుగా ఊరు. దారిలో పందెం బరుల దగ్గర కార్లు రోడ్డుకు అడ్డంగా ఆగి ఉన్నాయి. కోడిపందేలు నేరమని బోర్డులు ఒకవైపు, మైకుల్లో పందెం లెక్కలు ఇంకోవైపు. నాకు వాటి మీద మోజు లేదు, వ్యాను వాడికి ఉంది. ప్రతి బరి దగ్గరా బండి నెమ్మదించేవాడు.

కనుమ పొద్దున్న లేచేసరికి ఆ కుర్రాడి అమ్మ, పిన్నిగారు, మినప్పప్పు రుబ్బేసి ఉన్నారు. కనుమ నాడు మినుము తినాలి కదా, గారెలు. పశువుల పండగే గానీ ఆ వీధిలో పశువులున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎదురింటాయన ట్రాక్టరు కడిగి, ముందు చక్రానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బానెట్ మీద బంతిదండ వేశాడు. ఎడ్లకు పెట్టినట్టే దాని ముందు పొంగలి కూడా పెట్టాడు.

ప్రభ కట్టడం అప్పటికే అయిపోయింది. దగ్గరికెళ్ళి చూశాను. కింద మోతకు బరువైన దూలాలు. వాటి మీద వెదురు బద్దలు వంచి కట్టిన పెద్ద అర్ధచంద్రాకారం. ఆ బద్దలు కనిపించకుండా ఎరుపు, పసుపు, పచ్చ కొత్తబట్టలు మడతలు మడతలుగా చుట్టారు. అంచుల వెంట కాగితం పూలు, నెమలి పింఛాలు, గంటలు, అక్కడక్కడా కొత్త వరికంకుల కుచ్చులు. మధ్యలో స్వామి ఉత్సవ విగ్రహం. ఒక పెద్దాయన కింద కూర్చుని కట్లన్నీ చేత్తో లాగి చూస్తున్నాడు. ఒక కట్టు ఆయనకు నచ్చలేదు. కట్టిన కుర్రాణ్ణి పిలిచి విప్పించి మళ్ళీ కట్టించాడు. “నీళ్ళలో దిగాక వదులైతే ఎవడు కడతాడ్రా?” అన్నాడు. మేకు కొట్టడం లేదు, అంతా తాడు కట్టే. మేకయితే ఊపుకి విరుగుతుందట, తాడైతే సాగి ఊరుకుంటుందట.

మధ్యాహ్నానికి ప్రభ లేచింది. “అశ్శరభ శరభ” అని ఒకరు అందుకుంటే అందరూ “శరభా” అని ఎత్తారు. ముందు డప్పులు, సన్నాయి, తలకెత్తుకుని ఆడే గరగలు. ఎంతమంది మోస్తున్నారో లెక్కపెడదామనుకున్నాను గానీ కుదర్లేదు. వంద అడుగులకోసారి భుజాలు మారుతున్నాయి. ఒకడు తప్పుకునేలోపే ఇంకొకడు దూరిపోతున్నాడు. పైన ప్రభ ఒరిగిపోకుండా నాలుగువైపులా మోకులు పట్టుకున్నవాళ్ళు వేరే. నిజానికి కష్టమంతా వాళ్ళదే. మోసేవాడికి తల ఎత్తే వీలుండదు. పైన ఎటు ఒరుగుతోందో, కరెంటు తీగ ఎక్కడుందో, కొబ్బరిమట్ట ఎక్కడ తగులుతుందో చూసి అరిచేది మోకువాళ్ళే. వీధిలో ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి మోతగాళ్ళ కాళ్ళ మీద పోశారు. గల్ఫ్ నుంచి వచ్చిన ఓ కుర్రాడు భుజం కాయడానికే టికెట్ తీసుకున్నానన్నాడు. అత్తరు వాసన, చెమట వాసన కలిసిపోయి ఉన్నాడు.

ఊరు దాటగానే రోడ్డు మీదుగా వెళ్ళొచ్చు కదా అనుకున్నాను. ప్రభ రోడ్డు దిగి చేలోకి నడిచింది.

జనవరి మధ్య అంటే అక్కడ దాళ్వా, అంటే రెండో పంట, నాట్ల కాలం. కొన్ని చేలు అప్పుడే నాటి పచ్చ తిరుగుతున్నాయి, కొన్నింటిలో ఇంకా దమ్ము చేస్తున్నారు. గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడిచే వీలు మనుషులకుంటుంది, ప్రభకు ఉండదు. పిక్కల దాకా బురద, కింద నాటిన పైరు. వందల కాళ్ళు దాని మీదుగా వెళ్ళిపోయాయి. నేను గట్టు మీదే నిలబడిపోయాను. గట్టు జానెడు జరిగిందని కోర్టుకెళ్ళే రైతులున్న దేశం కదా మనది. అడక్కుండా ఉండలేకపోయాను. నా పక్కన తువ్వాలు తలకు చుట్టుకుని ఓ కౌలు రైతు నిలబడి ఉన్నాడు. తొక్కుతున్న చేలో ఓ చెక్క ఆయనదే.

“పైరంతా పోతుంది కదండీ?”

“ఈశ్వరుడు తొక్కిందెంతండీ? మొన్న అక్టోబరులో తుపాను తొక్కింది చూశారు కాదు” అన్నాడు.

మొంథా తుపాను వచ్చినప్పుడు ఆయన సార్వా (తొలి పంట) వరి కోతకు దగ్గరపడి ఉంది. నేలకు ఒరిగి, నీళ్ళలో నాని, కంకి మీదే మొలకెత్తింది. పంట పోయినా కౌలు మాత్రం పూర్తిగా కట్టాడు. భూమి కాగితం వేరే వాళ్ళ పేరున ఉంటే పరిహారం చేతికి రావడం కష్టం. అదంతా ఆవేశం లేకుండా, గట్టు మీద కలుపు పీకుతూ చెప్పాడు. ఇదే కోనసీమలో 2011లో రైతులు ఖరీఫ్ సాగు చెయ్యబోమని పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడం ఒక కారణం, పొలాల్లో నీళ్ళు దిగే దారి లేకపోవడం ఇంకో కారణం. ఆ రెండో మాట ఆయన కూడా అన్నాడు, చేత్తో కౌశిక వైపు చూపిస్తూ.

కౌశిక అంటే గోదావరి ఏడు పాయల్లో ఒకటి. గౌతమి, వసిష్ఠ ఇప్పటికీ మహానదుల్లా పారుతున్నాయి. కౌశిక మాత్రం ఇరిగేషన్ వాళ్ళ మ్యాపుల్లో మురుగుకాలువ. చేలల్లో నీళ్ళు దానిలోకి దిగాలి, అది సముద్రానికి పోవాలి. పూడిక పేరుకుని, గుర్రపుడెక్క అల్లుకుంటే వానాకాలం నీళ్ళు దిగడం మానేసి వెనక్కి ఎక్కుతాయి. ఏటా పొలాల్ని ముంచేది అదే, కనుమ నాడు దేవుడు దాటేదీ అదే.

ప్రభ ఒడ్డుకు చేరేసరికి అవతలి గట్టు నిండా జనం. తోటలో ఉన్నవాళ్ళంతా ఇటే వచ్చేశారు. మోకువాళ్ళు ముందుగా నీళ్ళలో దిగి అవతలికి వెళ్ళి తాళ్ళు బిగించి పట్టారు. ఒడ్డు వాలు దిగేటప్పుడు ప్రభ ముందుకు ఒంగింది. అందరి నోటా ఒకటే అరుపు, వెనక తాళ్ళు లాగారు, నిలబడింది. నాకు టెన్షన్‌తో అరచేతులు చెమట పట్టాయి. మొదటి వరస మోతగాళ్ళు నడుం దాకా, తర్వాత ఛాతీ దాకా మునిగారు. ఆ తర్వాత దూలం కింద తలలు మాత్రమే కనిపించాయి. పైన స్వామి కదలకుండా ఉన్నాడు. నెమలి పింఛాలూ, వరికుచ్చులూ గాలికి ఊగుతున్నాయి. కింద ఎవరి కాలు ఎక్కడ పడుతుందో తెలియని బురద. మధ్యలో ఒక్క క్షణం ఆగారు. ఎవరో పట్టు తప్పారనుకుంటా, నీళ్ళలోంచి చెయ్యి పైకి లేచింది, పక్కవాడు జబ్బ పట్టి లాగాడు, మళ్ళీ “శరభా” అని కదిలారు. అవతలి ఒడ్డు ఎక్కేటప్పుడు గట్టు మీది జనం కూడా దిగి దూలాలకు భుజం పెట్టారు. ఇస్త్రీ చొక్కాలు, కొత్త జీన్సులు, ఎవరూ చూసుకోలేదు. టీవీలో చూసిన శకటం చాలా అందంగా ఉంది గానీ, దానికి బురద లేదు.

నేనూ, బాబాయిగారూ వంతెన మీదుగా చుట్టూ తిరిగి తోటకు వెళ్ళాం. కొబ్బరిచెట్ల మధ్య ప్రభలు వరసగా నిలిచి ఉన్నాయి. వక్కలంక, ఇరుసుమండ, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పుల్లేటికుర్రు అంటూ ఆయన ఒక్కో ప్రభనూ ఊరి పేరుతోనే చూపించారు, దేవుడి పేరు తర్వాత. సభకు పెద్ద వ్యాఘ్రేశ్వరం స్వామి. ఆయన ప్రభ వచ్చినప్పుడు మిగిలినవన్నీ ఒక్కసారి భుజాల మీదికి లేస్తాయి, పెద్దాయన రాగానే అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డట్టు. ఎవరి ప్రభకు ఎంత బాణాసంచా కాల్చారన్న దాని మీద ఊళ్ళ మధ్య పోటీ బాగానే ఉంది. నా చెవులు సాయంత్రం దాకా గింగిరాలెత్తాయి.

తీర్థం అంటే జీళ్ళూ ఖర్జూరాలూ ఉండాల్సిందే. పొట్లాలు కట్టించుకుని ఇంటింటికీ పంచుతారు. రంగులరాట్నం, పచ్చబొట్లు, ప్లాస్టిక్ బొమ్మలు ఎక్కడైనా ఉండేవే. పొద్దు వాలాక ప్రభలు ఒక్కొక్కటే వెనుదిరిగాయి.

మర్నాడు శనివారం, ముక్కనుమ. పొద్దున్నే అంబాజీపేట వెళ్ళి పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు నాలుగు కలిపి ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలు కడతారు. వాటిల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పితే దాని ఈనెల గుర్తులు పొట్టిక్క మీద అచ్చుపడి ఉన్నాయి, కొద్దిగా పనస వాసన. ఇడ్లీయే కదా అని తీసిపారెయ్యబోయిన నేను రెండోసారి పెట్టించుకున్నాను.

ఆ ఊరు కొబ్బరి మార్కెట్‌కు పెట్టింది పేరు. పండగ కావడంతో కొట్లు మూసి ఉన్నా, ఒక వ్యాపారి ఇంటి వెనక షెడ్డు చూపించాడు. కురిడీ అంటే టెంకలోనే ఎండిన కొబ్బరి. కాయను నెలల తరబడి అటక మీద ఉంచితే లోపల నీరు ఇంకి, కొబ్బరిగుడ్డు టెంకను వదిలేస్తుంది. ఊపితే లొటలొటమంటుంది. గండేరా, గటగట అని సైజును బట్టి రకాలు. ఇదంతా ఉత్సాహంగా చెప్పినాయన తెల్లదోమ మాటెత్తగానే మొహం మాడ్చాడు. మట్టల అడుగున తెల్లటి బూజులా పురుగు చేరి రసం పీలుస్తుంది. అది విసర్జించే జిగురు మీద నల్ల మసి పెరుగుతుంది. దూరం నుంచి తోటను పొగపెట్టారేమో అనిపిస్తుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు మందు కొట్టొద్దని చెప్పి, పురుగును చంపే ఐసేరియా అనే శిలీంధ్రాన్ని రైతులకు ఇస్తున్నారు. “మంచిదేనండి, కానీ నా ఒక్క తోటకి కొడితే పక్క తోట పురుగు ఇటొస్తుంది కదండీ” అన్నాడాయన. ప్రభను నీళ్ళు దాటించినంత తేలిగ్గా ఊళ్ళన్నీ ఈ పనికి కలవవేం అని అడుగుదామనుకుని, పొరుగూరివాణ్ణి, ఊరుకున్నాను.

తిరిగొస్తూ నిన్నటి చేను చూశాం. ప్రభ నడిచినంత మేరా బురదలో అడుగులు, వాటిల్లో నిలిచిన నీళ్ళు. కౌలు రైతూ, ఆయన భార్యా అప్పుడే పోయిన చోటల్లా మొక్క వేస్తున్నారు. నారుమడిలో ఓ మూల నారు పీకకుండా కనుమ కోసమే మిగిల్చి ఉంచుతారట. ఆయన నన్ను గుర్తుపట్టి, “దిగండి, రెండు కుదుళ్ళు మీరూ వెయ్యండి” అన్నాడు. వేశాను. ఆవిడ నవ్వుతూ వాటిని పీకి, వరసలో మళ్ళీ నాటింది.

ఆదివారం పుష్య అమావాస్య, చొల్లంగి తీర్థం. నా రైలు కాకినాడ నుంచి. ఎలాగూ ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం మీదుగా ఆ దారినే వెళ్ళాలి గనక బాబాయిగారూ పిన్నిగారూ కూడా నాతో బయల్దేరారు. గోదావరి పాయల్లో మొదటిదైన తుల్యభాగ సముద్రంలో కలిసేది అక్కడే. సప్తసాగర యాత్ర మొదలెట్టేది అక్కడే. ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసుకుంటూ భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరతారు. నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు, బురద ఎక్కువ, జనం ఇంకా ఎక్కువ. పిన్నిగారు మూడు మునకలు వెయ్యడానికి నీళ్ళలో కూర్చోవాల్సి వచ్చింది. కార్పొరేషన్ కుళాయి నయమని బాబాయిగారు గొణిగారు గానీ, ఆయనా మునిగారు.

రోడ్డు పక్కన బట్టలు పిండుకుంటుంటే బాబాయిగారు నన్ను అడిగారు, ఆ ఏకాదశి నాటి అంతర్వేది రథానికి వస్తారా అని. ఇంకో పదకొండు రోజులే. సెలవుల్లేవండీ అన్నాను. “పోనీ లెండి, వచ్చే కనుమకి మీ వాళ్ళని కూడా తీసుకురండి. భుజానికి తువ్వాలు మేమే ఇస్తాం” అన్నారు. కాకినాడ వెళ్ళే ఆటో అప్పటికే హారన్ కొడుతోంది.