తంపెరెలో ఇరుగుపొరుగు

ఫిన్లాండ్‌లోని తంపెరె నగరానికి వచ్చిన తొలి నెలల్లో నన్ను కలవరపెట్టింది చలి కాదు, మెట్ల మీద ఎదురుపడినా తలూపి వెళ్ళిపోయే ఇరుగుపొరుగు వారి మౌనం. పలకరింపుతోనే పరిచయం మొదలవుతుందని నమ్మి పెరిగిన నాకు, ఎదుటివారిని ఇబ్బంది పెట్టకపోవడమే ఇక్కడి మర్యాద అని అర్థం కావడానికి దాదాపు ఏడాది పట్టింది.

మా మధ్య దూరాన్ని చెరిపింది మే నెలలో జరిగిన ‘తల్కోత్’. అపార్ట్‌మెంట్ వాసులంతా ఒక సాయంత్రం కలిసి ఆవరణను శుభ్రం చేసుకునే ఆనవాయితీ అది; మన పల్లెల్లో నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు సాయం వెళ్ళడం లాంటిదే. కాళ్ళు జారకుండా శీతాకాలమంతా మంచు మీద చల్లిన కంకరను నేను వట్టి చేతులతో ఎత్తుతుంటే, అప్పటివరకు ఒక్క మాటైనా మాట్లాడని పై అంతస్తు పెద్దావిడ తన చేతి తొడుగులు తీసి నాకిచ్చారు. పని ముగిశాక కాల్చిన సాసేజీలు, కాఫీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఫిన్నిష్ భాషలో 15 విభక్తులని విని అంతకుముందు భయపడ్డాను. ‘తలో’ అంటే ఇల్లు, ‘తలోస్సా’ అంటే ఇంట్లో, ‘తలోస్తా’ అంటే ఇంట్లోంచి అని ఆవిడ చెబుతుంటే, మన తెలుగులాగే ప్రత్యయాలు పదం చివర అతుక్కుంటున్నాయని గమనించి ఎంతో సంతోషించాను. ‘మినుల్లా ఓన్’ అంటే అచ్చంగా ‘నా దగ్గర ఉంది’.

ఇప్పుడు గురువారం సాయంత్రాలు కింది అంతస్తులోని ఉమ్మడి సౌనాలో (ఆవిరి స్నానపు గదిలో) మా వంతు ముగిసేసరికి, ఆవిడ తువ్వాలుతో బయట బల్ల మీద కూర్చుని ఉంటారు. ఇద్దరం కాసేపు మాట్లాడకుండానే కూర్చుంటాం.