ఫ్యాన్ హోరు, ఉద్దానం పీచు: డక్ట్ లెక్క ఇక్కడిదాకా వచ్చింది

విజయనగరంలో మా మేడమీది గదిలో వయొలిన్ సాధన జరుగుతుంది. తలుపులు మూస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయక తప్పదు. ఆరు రెక్కలు, నిమిషానికి 1400 చుట్లు అంటే 140 హెర్ట్జ్ హోరు. ఒకటిన్నర శ్రుతి షడ్జం 138.6. ఆ రెండూ పక్కపక్కనే మోగుతుంటే తంబురా వినడం నరకం. అందుకే ఫ్యాన్‌కు మీటరు పొడవు డక్ట్ (గాలి బయటికి వెళ్లే గొట్టం) తగిలించి, లోపల కొబ్బరి పీచు పరిస్తే ఎంత తగ్గుతుందో ముందుగా కంప్యూటర్‌లో పైథాన్ ప్రోగ్రాంతో లెక్కగట్టి చూస్తున్నాను.

ఈసారి పనంతా పీచు మీదే. పీచు లాంటి పదార్థాల్లో శబ్దం ఎలా సాగుతుందో, ఎంత తగ్గుతుందో లెక్కగట్టడానికి డిలానీ, బాజ్లీ అనే పరిశోధకులు 1970లో ఇచ్చిన సూత్రాలకు పదార్థం గురించి ఒక్క సంఖ్య చాలు: గాలి పారకుండా అది ఎంత అడ్డుకుంటుందో. రాక్‌వూల్‌కైతే (రాతిని కరిగించి తీసిన పీచు) అమ్మేవాళ్ల కాగితాల్లో దొరుకుతుంది. ఉద్దానంలోని సోంపేట నుంచి తెచ్చిన పీచుకు ఎవరిస్తారు? కొలుచుకోవాలి. రెండంగుళాల పీవీసీ గొట్టంలో 30 సెంటీమీటర్ల మేర పీచు కూరి, అక్వేరియం పంపుతో నిమిషానికి 3 లీటర్ల గాలి పంపాను. ఒత్తిడి తేడా నీటిలో మిల్లీమీటరు పైచిలుకే, నిలువు గొట్టంలో కంటికి ఆనదు. సన్న గొట్టాన్ని పదికి ఒకటి వాలులో పడుకోబెడితే నీరు 11 మిల్లీమీటర్లు జరిగింది. నిరోధం సుమారు 1400 పాస్కల్ సెకన్లు, చదరపు మీటరుకు.

గాలి సాంద్రతను పౌనఃపున్యంతో గుణించి ఈ నిరోధంతో భాగిస్తే 0.01కీ 1కీ మధ్య రావాలి, అంతవరకే ఆ సూత్రాలు చెల్లుతాయి. మన పీచుకు 1200 హెర్ట్జ్ పైన చెల్లవు. 20,000 నిరోధమున్న రాక్‌వూల్‌కు ఇబ్బంది కింది వైపు, 170కి దిగువన. మెష్, అంటే లెక్క కోసం డక్ట్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టే వల, ఎంత సన్నం చేసినా ఈ హద్దు జరగదు, కాబట్టి గ్రాఫులో 1200 తర్వాత గీత ఆపేశాను.

మెష్ గొడవ పెద్దగా లేదు, 2 సెంటీమీటర్లు చాలు. సమీకరణంలో తరంగాన్ని రాసేటప్పుడు కాలం ముందుండే గుర్తు ప్లస్సా మైనస్సా అన్నది మాత్రం మొదటే తేల్చుకోండి. అది తారుమారైతే పీచులో తరంగం తగ్గాల్సింది పెరుగుతుంది.

ఫలితం: 5 సెంటీమీటర్ల మందం పీచు మధ్యస్థాయి రొదను బాగానే మింగుతుంది, 140ని దాదాపు తాకదు. అక్కడ తరంగం పొడవు రెండున్నర మీటర్లు. దానికి డక్ట్ దారిలో వెడల్పాటి పెట్టె కావాలి: డక్ట్‌కు నాలుగింతల అడ్డుకోత వైశాల్యం, 62 సెంటీమీటర్ల పొడవు, అంటే ఆ తరంగంలో దాదాపు పావు. లెక్కలో 6.5 డెసిబెల్స్ తగ్గుదల వస్తోంది. పెట్టె లోపల కూడా పీచు పరిచి మళ్లీ నడపాలి. పీచు అంటుకునే సరుకు, మోటారుకు ఎడంగా చిల్లుల రేకు వెనకే ఉంచుతాను.