సందులో పట్టిన టబ్బు

మా అమ్మ ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కే మనిషి. 3,550 మెట్లు ఎక్కుతూ దారిలో కూర్చున్న వాళ్ళకు ధైర్యం చెప్పేది. నాలుగేళ్ళ కిందట మోకాళ్ళు అరిగినాయి. పొద్దున లేస్తే మంచం పట్టె పట్టుకుని పావుగంట నిలబడితే తప్ప అడుగు పడేది కాదు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకరోజు చెప్పింది: గోరువెచ్చని నీళ్ళలో ఛాతీ దాకా కూర్చుంటే ఒంటి బరువు చాలావరకు కీళ్ళ మీద పడదు, ఆ వేడికి బిగువు వదులుతుంది, అప్పుడు కాళ్ళు ఆడించడం తేలిక అని. హాట్ టబ్, అంటే హీటరు, పంపు, ఫిల్టర్ ఉండే వేడి నీళ్ళ తొట్టి, ఆ మాట మా ఇంట్లోకి వచ్చింది అట్లా.

మాది తిరుపతి ఎం.ఆర్. పల్లిలో పాత ఇల్లు. వెనక పెరడు 13 అడుగులకు 11. అందులో ఒక కొబ్బరిచెట్టు, బట్టలుతికే బండ, ఒక మూల నేల కింద నీళ్ళ సంపు. మొదట ఫోన్ చేసిన ఒక అమ్మకందారు "ఎక్కడైనా పెట్టుకోవచ్చు మేడమ్, మేడ మీదైనా సరే" అన్నాడు. ఆ మాట నమ్మకుండా మా వీధిలో ఉండే సివిల్ ఇంజనీరును అడగడం మంచిదయింది. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ముగ్గురు కూర్చునే టబ్బు ఖాళీగా 200 కిలోలు. లీటరు నీళ్ళు కిలో కాబట్టి 650 లీటర్లకు 650 కిలోలు. ముగ్గురు మనుషులు ఇంకో 200. మొత్తం 1,050 కిలోలు మూడు చదరపు మీటర్ల లోపు జాగాలో నిలబడుతుంది, అంటే చదరపు మీటరుకు 350 పైనే. మామూలు ఇంటి మేడకు డిజైనులో లెక్కపెట్టేది 150. "మేడ మాట మర్చిపోమ్మా, సంపు మూత మీద కూడా వద్దు" అన్నాడు. సంపు వదిలి, కొబ్బరి వేళ్ళు వదిలి చూస్తే మిగిలింది వంటింటి గోడ పక్క జాగా ఒకటే. ఏ టబ్బు కావాలో తేల్చింది ఆ జాగానే.

గాలి కొట్టి నింపేవి చవక. వాటిని కొనాలనే మొదట అనుకున్నాం. కానీ వాటిలో చాలావాటికి లోపల సీటు ఉండదు, నేల మీద చతికిలబడాలి. మోకాళ్ళు వంగని మనిషికి అది పనికిరాదు. అందుకని చెన్నై పోయి, నీళ్ళు లేని అక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) టబ్బుల్లో అమ్మను ఒక్కొక్కదాంట్లో కూర్చోబెట్టి చూశాం. కొనేవాళ్ళు ఈ పని మాత్రం మానకండి. బొమ్మలో అన్నీ ఒకేలా ఉంటాయి, కూర్చుంటేనే సీటు ఎంత లోతో, పాదం నేలకు ఆనుతుందో లేదో తెలిసేది. ఐదోదాంట్లో అమ్మ స్థిమితంగా కూర్చుంది. కూర్చుని, 76 సెంటీమీటర్ల గోడ వైపు చూసి, "దీంట్లోకి ఎక్కేదానికే నాకు మోకాళ్ళు గావల్ల గదా పాపా" అంది. మేమెవ్వరం ఆలోచించని సంగతి అది.

దానికి జవాబు మేస్త్రన్న చెప్పాడు. గరుకుగా కాల్చిన గ్రానైట్ పలకలతో 15 సెంటీమీటర్ల ఎత్తున నాలుగు మెట్లు, పైన కూర్చునేంత వెడల్పు దిమ్మె, పక్కన స్టీలు కడ్డీ. అమ్మ దిమ్మె మీద కూర్చుని కాళ్ళు ఒకటొకటిగా లోపలికి వేస్తుంది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో గ్రానైటుకు కొదవ లేదు, ముక్క పలకలు తక్కువలోనే దొరికినాయి. నున్నని పాలిష్ రాయి మాత్రం వేయకండి, తడిస్తే జారుతుంది.

టబ్బు వచ్చిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడ. పెరట్లోకి దారి ఇంటి పక్క సందు ఒక్కటే. వెడల్పు 86 సెంటీమీటర్లు. టబ్బును పక్కకు తిప్పి నిలబెడితే 76. సరిపోతుందని కొన్నాం. గోడకు బాత్రూమ్ నీళ్ళ గొట్టం ఉందన్నది నేను కొలవలేదు. అది 11 సెంటీమీటర్లు. మిగిలింది 75. ఒక్క సెంటీమీటరు తక్కువై, ఆరుగురు మనుషులు వీధిలో టబ్బు పట్టుకుని నిలబడితే, ప్లంబరు వచ్చి గొట్టం ఊడదీసే దాకా రెండు గంటలు పట్టింది. కొలిచేటప్పుడు గోడ నుంచి గోడకు కొలవకండి, గొట్టాలు, మీటరు పెట్టె, కిటికీ రెక్కలు, అన్నిటికన్నా ముందుకు పొడుచుకొచ్చిన దాని దగ్గర కొలవండి.

కరెంటు పనిలో మా ఆయన ఎవరి మాటా వినలేదు, అదే మంచిది. మీటరు నుంచి నేరుగా విడి వైరు, కొత్త ఎర్త్ గుంత, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. లోడు పెంచమని ముందే అర్జీ పెట్టాం. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఎట్లా మునిగినాయో చూసిన వాళ్ళం కాబట్టి టబ్బు నిలిచే అరుగును నేల కన్నా అడుగు ఎత్తు లేపించి, స్విచ్చుల పెట్టె తల ఎత్తున, టబ్బులోంచి చెయ్యి చాపినా అందనంత దూరంలో పెట్టించాం.

ఇక నీళ్ళు. మమ్మల్ని ఎక్కువ కష్టపెట్టింది ఇవే. మా బోరు నీళ్ళతో గీజరు కాయిల్‌కు ఏడాదిలో తెల్లటి పెంకు కడుతుంది. హాట్ టబ్‌కు కాఠిన్యం (నీళ్ళలో కరిగిన సున్నం లెక్క) 150 నుంచి 250 పీపీఎం, అంటే లీటరుకు అన్ని మిల్లీగ్రాముల మధ్య ఉంటే మంచిది, మా బోరుది అంతకు రెండింతలు మించింది. కుళాయి నీళ్ళు రెండు వంతులు, బోరు ఒక వంతు కలిపితే దారికొచ్చింది. మేడ మీద 200 లీటర్ల సోలార్ హీటరు ఉంది. ముందు 450 లీటర్ల చన్నీళ్ళు పోసి, తర్వాత సోలార్ నీళ్ళు కలిపితే లెక్క ప్రకారం 37 డిగ్రీలు రావాలి. గొట్టాల్లో, టబ్బు గోడల్లో పోయింది పోగా 34 వచ్చింది. మొత్తం కరెంటుతోనే 27 నుంచి 38కి తేవాలంటే ఎనిమిది యూనిట్లు దాటుతుంది. ఆ తర్వాత మందపాటి మూత ఉంటే వేడి నిలుస్తుంది, లేకపోతే బిల్లు పై స్లాబులోకి పోతుంది.

సంపులో వేసినట్టు దీంట్లో బ్లీచింగ్ పౌడర్ వేయమని ఒకరు సలహా ఇచ్చారు. అందులో కాల్షియం ఉంటుంది, అసలే కఠినమైన నీళ్ళకు ఇంకాస్త పెంకు కలిపినట్టు అవుతుంది. మేము కాల్షియం లేని క్లోరిన్ మందు, డైక్లోర్ గుళికలు వాడుతున్నాం. క్లోరిన్ 3 పీపీఎం తగ్గకూడదు, నీళ్ళ ఆమ్లగుణం చూపే పీహెచ్ 7.2, 7.8 మధ్య ఉండాలి. వేడి నీళ్ళలో క్లోరిన్ తొందరగా ఎగిరిపోతుంది కాబట్టి పరీక్ష పట్టీ ముంచకుండా ఎవరినీ దిగనివ్వను. ఒక వారం బద్ధకించినందుకు నా వీపంతా ఎర్రటి పొక్కులు వచ్చినాయి.

మొదటి నెల నురగ. ఎందుకో తెలియక రెండుసార్లు నీళ్ళు పారబోశాం. ఒక కారణం అమ్మ తలకు రాసుకునే కొబ్బరినూనె. ఇంకో కారణం ఆమె కట్టుకుని దిగే పాత నూలు చీర. సబ్బు అవశేషం నురగ కట్టేది, నూలు పోగులు ఫిల్టర్‌లో చుట్టుకునేవి. ఇప్పుడు సబ్బు లేకుండా జాడించిన నైలాన్ నైటీ, ముందుగా స్నానం, తలకు ముడి. పక్క మేడ మీద నుంచి చూస్తారని మొదట్లో ససేమిరా దిగనంది, వెదురు తడికె కట్టించాక ఒప్పుకుంది.

అమ్మకు బీపీ మాత్రలున్నాయి. డాక్టరును అడిగాకే మొదలుపెట్టాం. ఆమెకు 37 డిగ్రీలు, పదిహేను నిమిషాలు, పక్కన ఒకరు ఉండాలి, లేచేటప్పుడు మెల్లిగా లేవాలి. ఎవరికైనా 40 దాటకూడదు. ఏప్రిల్, మే నెలల్లో హీటరు ముట్టుకోం. మూత కింద నీళ్ళు వాటంతట అవే కాగుతాయి, రాత్రి తొమ్మిది తర్వాతే దిగుతాం. పైన రేకు వేయించాం. నీళ్ళు తీసేసిన అక్రిలిక్ ఎండలో ఉంటే పాడవుతుంది.

మోకాళ్ళు నయం కాలేదు, అరిగిన గుజ్జు తిరిగి రాదు. కానీ పొద్దున పావుగంట పట్టేది మూడు నాలుగు నిమిషాలకు తగ్గింది. టబ్బు, మెట్లు, కరెంటు పని కలిపి ఐదు లక్షలు దాటింది, బంగారం మీద అప్పు తెచ్చాను. ఆ డబ్బు గురించి నాకు బాధ లేదు.

గోడ క్యాలెండరులో అమ్మ ఏకాదశుల పక్కనే ఫిల్టర్ కడిగే రోజులూ సున్నా చుట్టి పెడుతుంది. వచ్చే ఆదివారానికి మూడు నెలలు, నీళ్ళు మార్చాలి. శుక్రవారమే గుళికలు వేయడం ఆపి మూత తీసి పెడితే క్లోరిన్ తగ్గుతూ పోతుంది. పట్టీ మీద సున్నా చూశాక ఆ నీళ్ళు కొబ్బరిచెట్టుకు.